34 సెంటీమీటర్ల గొడవ

ఒక పాఠకుడు అడిగిన ప్రశ్న ఇది. ఓపెన్ ప్లేస్‌లో సింఫనీ ఆర్కెస్ట్రా వాయించే వీడియోల్లో ఒక్కో వయొలిన్‌కీ వేలెడంత మైక్ తగిలించి ఉంటుంది కదా, అంత అవస్థ దేనికి, స్టేజ్ ముందు మాంచి ఖరీదైన మైకులు రెండు పెడితే సరిపోదా అని. హాల్లో రికార్డింగ్‌కైతే సరిపోతుంది, చాలా గొప్ప రికార్డింగులు నాలుగైదు మైకులతోనే అయ్యాయి. బయట మాత్రం కుదరదు, ఎందుకు కుదరదో తెలుసుకోవడం నాకైతే భలే సరదా. మైక్ లోపల పొర ఎలా ఊగుతుంది, కండెన్సర్‌కీ డైనమిక్‌కీ తేడా ఏంటి లాంటివన్నీ వదిలేస్తున్నా, అవి ఎక్కడైనా దొరుకుతాయి.

హాల్లో గోడలు, కప్పు కలిసి శబ్దాన్ని తిరిగి మన మీదకే పంపిస్తాయి. బయట అది ఆకాశంలోకి పోతుంది, పోయింది రాదు. దూరం రెట్టింపైన ప్రతిసారీ 6 డీబీ (డెసిబెల్, శబ్దం గట్టితనానికి కొలత) పడిపోతుంది. కాబట్టి స్పీకర్లు పెట్టాలి, పెట్టగానే అసలు తలనొప్పి మొదలు. స్పీకర్ శబ్దం మళ్ళీ మైక్‌లో దూరి, మళ్ళీ స్పీకర్‌లోంచి వచ్చి, తిరుగుతూ తిరుగుతూ కీచుమంటుంది, పెళ్ళిళ్ళలో అందరం విన్నదే. మైక్ 3 మీటర్ల దూరంలో ఉంటే వయొలిన్ అందులో చిన్నగా పడుతుంది, వాల్యూమ్ పెంచాలి, పెంచితే కీచు. అదే మైక్‌ని 15 సెంటీమీటర్లకి తెస్తే దూరం 20 రెట్లు తగ్గింది, అంటే 26 డీబీ లాభం. కానీ ఇక్కడ ఒక మెలిక ఉంది. తెరిచిన ప్రతి మైకూ స్పీకర్ శబ్దానికి ఇంకో దారే, అందుకని మైకుల సంఖ్య రెట్టింపైన ప్రతిసారీ కీచుమనకుండా పెంచుకోగలిగే వాల్యూమ్‌లో 3 డీబీ కోత పడుతుంది. 60 మైకులకి లెక్కేస్తే దాదాపు 18 డీబీ కోత. 26లోంచి 18 తీసేస్తే మిగిలేది 8. ఇంత వైరింగ్, ఇంత ఖర్చు చేసి సంపాదించింది ఆ ఎనిమిదే! అందుకే ఇంజనీర్ వేళ్ళు ఫేడర్ల (ఒక్కో మైక్ వాల్యూమ్ పెంచే, తగ్గించే మీటల) మీదే ఉంటాయి, హార్ప్ వాయించనప్పుడు హార్ప్ మైక్ దించేస్తూ, టింపనీ ఊరుకున్నప్పుడు టింపనీది దించేస్తూ.

ఇప్పుడు నాకిష్టమైన విషయం. శబ్దం ఒక మిల్లీసెకండ్‌లో 34 సెంటీమీటర్లు పోతుంది. ఒకే వయొలిన్ శబ్దం రెండు మైకుల్లో పడి, రెండో మైక్ 34 సెంటీమీటర్లు ఎక్కువ దూరంలో ఉంటే, మిక్సర్‌లో ఆ రెండూ కలిసినప్పుడు ఒకటి ఒక మిల్లీసెకండ్ లేటు. ఆ ఒక్క మిల్లీసెకండ్‌కి 500 హెర్ట్జ్ తరంగం (సెకండుకి 500 సార్లు ఊగేది) సరిగ్గా సగం అల వెనకబడుతుంది, ఇది పైకి పోతుంటే అది కిందకి, రెండూ సమానంగా ఉంటే కొట్టుకుని సున్నా. 1000 దగ్గర రెండూ కలిసి రెట్టింపు, 1500 దగ్గర మళ్ళీ సున్నా, 2500, 3500, అలా పైదాకా. గ్రాఫ్ గీస్తే అచ్చం దువ్వెన పళ్ళలా ఉంటుంది, ఇంగ్లిష్‌లోనూ కోంబ్ ఫిల్టర్ అనే అంటారు. వింటే డబ్బాలోంచి వస్తున్నట్టు ఉంటుంది. ఇంటర్‌లో యంగ్ అనే శాస్త్రవేత్త చేసిన జంట చీలికల ప్రయోగం డెరివేషన్ బట్టీ పట్టించారే, అది ఇదే, కాంతి బదులు శబ్దం. రెండు స్పీకర్లు ఎదురుగా పెట్టి పిల్లల్ని అటూ ఇటూ నడవమంటే ఐదు నిమిషాల్లో చెవికే తెలిసిపోయేది, మనకేమో మార్కుల కోసం పట్టీ వెడల్పు ఫార్ములా మాత్రమే మిగిలింది.

సరే, వయొలిన్ల నెత్తిన 1.5 మీటర్ల ఎత్తులో, ఒకదానికొకటి 1.5 మీటర్ల దూరంలో మైకులు వేలాడదీశాం అనుకోండి. ఒక వయొలిన్ నుంచి తన మైక్‌కి 1.5, పక్క మైక్‌కి ఏటవాలుగా 2.12 మీటర్లు. తేడా 62 సెంటీమీటర్లు, 1.8 మిల్లీసెకండ్లు, మొదటి గుంట (రెండూ కొట్టుకుపోయే చోటు) 276 హెర్ట్జ్ దగ్గర, వయొలిన్ డి తీగ 294 కదా, దాని పక్కనే! పక్క మైక్‌లో శబ్దం 3 డీబీయే తక్కువ కాబట్టి గుంట 10 డీబీకి పైగా లోతు. ఇలా కాకుండా క్లిప్ మైక్ అయితే సొంత వయొలిన్ 15 సెంటీమీటర్లు, పక్కది ఓ 90. ఆరు రెట్ల దూరం, పదిహేను డీబీ తక్కువ, ఇప్పుడు గుంట ఒకటిన్నర డీబీయే, ఎవడికీ వినపడదు. మైకుల మధ్య ఎడం కనీసం మూడు రెట్లు ఉండాలని ఇంజనీర్లు చెప్పే రూల్ ఇక్కడిదే. మైక్ నుంచి వాయిద్యానికి ఎంతో, మైక్ నుంచి మైక్‌కి దానికి మూడింతలు. అయితే మూడింతల్లో కూడా అలలు పోవు, పైకి 2.5, కిందకి 3.5 డీబీ ఉంటాయి, భరించొచ్చు అంతే.

వీటన్నిటికీ మించింది ట్రంపెట్. వెనక 9 మీటర్ల దూరంలో కూర్చుని, గొట్టం నేరుగా వయొలిన్ల వీపులకి పెట్టి ఊదుతాడు, అది ప్రతి వయొలిన్ మైక్‌లోనూ 26 మిల్లీసెకండ్ల తర్వాత పడుతుంది. సరే ట్రంపెట్ సొంత మైక్‌ని కూడా 26 ఆపి వదులుదాం అంటారు, బాగానే ఉంది, కానీ ఆ మైక్‌లో ముందున్న క్లారినెట్లు కూడా పడుతున్నాయి, వాటి ఆలస్యం ఇంకా పెరిగింది! ఒకటి సర్దితే ఇంకోటి లేస్తుంది. అందుకే ఇత్తడి వాయిద్యాల ముందు అద్దంలాంటి ప్లాస్టిక్ పలకలు నిలబెడతారు.

క్లిప్ మైక్ దగ్గరగా చూస్తే ముచ్చటేస్తుంది, రబ్బరు పట్టు వయొలిన్ పక్క చెక్కని పట్టుకుంటుంది, సన్నటి మెడ వంగి తీగల్ని మోసే బ్రిడ్జ్ వైపు చూస్తుంది, కమానుకి తగలకుండా. కానీ అంత దగ్గర్నుంచి వినపడేది మనం హాల్లో వినే వయొలిన్ కాదు, కమాను గీకుడు, కమానుకి పూసే రోజిన్ కరకర, ముక్కుతో పాడినట్టు గొంతు. వయొలిన్ ఒళ్ళంతా మోగుతుంది, ఒక్కో స్వరం ఒక్కో దిక్కుకి పోతుంది, మైక్ వింటున్నది ఒక మూల. దాన్ని ఈక్యూతో (హెచ్చు, తగ్గు స్వరాల్ని విడివిడిగా పెంచి తగ్గించేది) చెక్కి, లేని హాలుని కృత్రిమ మారుమోత, అంటే రివర్బ్‌తో కలపాలి. పైగా గాలి. ఒక వైపే వినే మైకులు గాలికి బాగా గుబగుబలాడతాయి, అన్ని వైపులా వినేవి కాస్త తట్టుకుంటాయి కానీ వాటిలో స్పీకర్ దూరుతుంది, కాబట్టి ఫోమ్ తొడిగి, కింది హెర్ట్జ్‌లు కోసేస్తారు. వాయించేవాళ్ళేమో నోట్స్ కాగితాలకి బట్టల క్లిప్పులు పెట్టుకుంటారు. మన దగ్గర దసరాకి యాంప్లిఫైయర్‌కి కుంకుమ పెట్టి నిమ్మకాయ కట్టడం తప్పేం కాదు గానీ, విదేశాల్లోనూ ఫలానా కేబుల్ వేస్తే వయొలిన్ల శబ్దం మెరుస్తుందని నమ్మేవాళ్ళున్నారు, ధర మాత్రం నిమ్మకాయ కంటే చాలా ఎక్కువ.

మళ్ళీ మిల్లీసెకండ్ల దగ్గరకి. చికాగోలో ఆర్కిటెక్ట్ ఫ్రాంక్ గెరీ డిజైన్ చేసిన ఆరుబయట కచేరీ వేదిక ప్రిట్జ్‌కర్ పెవిలియన్ 2004లో తెరిచారు, 4,000 సీట్లు, వెనక లాన్‌లో ఇంకో 7,000 మంది. ఆ లాన్ మీద స్టీలు గొట్టాల పందిరి ఉంది, అందంగా ఉందని ఫొటోలు దిగుతారు గానీ దాని పని స్పీకర్లు మోయడం, స్తంభాలు ఎవరికీ అడ్డం రాకుండా. స్టేజ్ నుంచి 100 మీటర్లకి శబ్దం రావడానికి 291 మిల్లీసెకండ్లు పడుతుంది, కరెంటు మాత్రం క్షణంలో వచ్చేస్తుంది, అందుకని అక్కడి స్పీకర్‌ని 291 ఆపాలి, ఇంకో పది కలిపి 301 చేస్తే ఇంకా మేలు. ఎందుకంటే హెల్ముట్ హాస్ అనే జర్మన్ 1949లో తేల్చాడు, ముందొచ్చిన శబ్దం దిక్కునే చెవి నమ్ముతుంది, పది ఇరవై మిల్లీసెకండ్ల తర్వాత వచ్చింది కాస్త గట్టిగా ఉన్నా సరే. శబ్దం నెత్తి మీద స్పీకర్‌దే, మనకి మాత్రం స్టేజ్ నుంచి వస్తున్నట్టే ఉంటుంది.

ఇందులో మళ్ళీ చిక్కు. 291 అన్నది 20 డిగ్రీల లెక్క. సాయంత్రం 30 డిగ్రీలున్నప్పుడు సెట్ చేస్తే 286 వస్తుంది, పది కలిపి 296 పెడతారు, రాత్రికి చల్లబడేసరికి స్టేజ్ శబ్దం 5 మిల్లీసెకండ్లు లేటు, పది కాస్తా ఐదైంది. ఇంకా చల్లబడితే, ఇంకా దూరమైతే, వరుస తారుమారై ఆర్కెస్ట్రా ఉన్నట్టుండి మీ నెత్తి మీదకి ఎక్కుతుంది. దానికి తోడు రాత్రిపూట నేల దగ్గర గాలి చల్లగా, పైన వెచ్చగా ఉంటే శబ్దం కిందకి వంగుతుంది (పక్క ఊరి భజన మైక్ మన మంచం దగ్గరకే వచ్చేది ఇందుకే), పగలు పైకి వంగి పోతుంది. ఇన్ని మార్పులకీ ఇంజనీర్ చేసేది ఒకే పని, తను కూర్చున్న చోట బాగుందా అని విని సర్దడం. కాబట్టి ఇలాంటి కచేరీకి టికెట్ కొనేటప్పుడు మిక్సర్ బల్ల ఎక్కడుందో కనుక్కుని దాని పక్కన సీటు చూసుకోండి.