చేపలు తేలిన ప్రతిసారీ విషం కలిపినట్టు కాదు: జలాశయం చేపలపై అపోహలు - వాస్తవాలు

రోహిణి కార్తె ముగిసి మృగశిర ప్రవేశించే రోజుల్లో తెల్లవారుజామున నా ఫోన్ మోగిందంటే, విషయమేమిటో ఎత్తకముందే తెలిసిపోతుంది. "సారూ, ఎవలో నీళ్లల్ల మందు గలిపిండ్రు, చేపలన్నీ తేలినయి" అన్న మాటను మత్స్యశాఖ క్షేత్రస్థాయి ఉద్యోగంలో ఇన్నేళ్లుగా వేర్వేరు గొంతుల్లో వింటూనే ఉన్నాను. నేను స్వయంగా వెళ్లి నీటిని పరీక్షించిన సంఘటనల్లో నిజంగా విషమని తేలినవి చాలా కొద్ది.

అపోహ: ఒక్క రాత్రిలో క్వింటాళ్ల కొద్దీ చేపలు చచ్చిపోయాయంటే ఎవరో కక్షతో విషం కలిపినట్టే.

వాస్తవం: ఆ చేపలు చాలావరకు ఊపిరాడక చనిపోతాయి. పగటిపూట నీటిలోని పాచి ఎండకు ఆక్సిజన్‌ను తయారుచేస్తుంది. రాత్రయితే అదే పాచి, చేపలు, అడుగున కుళ్లే చెత్త అన్నీ కలిసి ఆ ఆక్సిజన్‌నే వాడుకుంటాయి. అందుకే పొద్దు పొడవడానికి ముందు గంటల్లో అది అత్యంత తక్కువగా ఉంటుంది. పైగా నీరు వేడెక్కేకొద్దీ ఆక్సిజన్‌ను పట్టి ఉంచే శక్తి తగ్గుతుంది: 20 డిగ్రీల వద్ద లీటరుకు సుమారు 9 మిల్లీగ్రాములు కరగగలిగితే, 30 డిగ్రీల వద్ద ఏడున్నర మాత్రమే. ఎండాకాలంలో పైన వేడినీరు, అడుగున ఆక్సిజన్ లేని చల్లని నీరు పొరలుగా ఉంటాయి. గాలివానతో తొలకరి కురిసిన రాత్రి ఆ పొరలు తిరగబడి, అడుగునున్న కుళ్లిన నీరంతా పైకి వస్తుంది.

దీనికి మన మృగశిర ఆశ తోడవుతుంది. మృగశిర నాడు చేపకు వచ్చే ధర కోసం మత్స్యకారుల సంఘాలు ఏప్రిల్‌లోనే పట్టవలసిన చేపను జూన్ దాకా ఆపుతాయి. నీరు తూము మట్టానికి దిగిపోతుంటే, పూర్తి మట్టానికి లెక్కగట్టి వదిలిన చేప, కిలోల బరువుకు పెరిగి, ఆ కొద్ది మడుగులోనే ఇరుకున పడుతుంది. 24 టీఎంసీల దిగువ మానేరు వంటి పెద్ద జలాశయంలో చేపకు లోతుకు పోయే దారి ఉంటుంది. చిన్న జలాశయాల్లో, అంచున తెగిపోయిన మడుగుల్లో ఆ దారి లేదు.

మానేరు పరీవాహకంలోని ఒక చిన్న జలాశయానికి అలాంటి ఉదయమే వెళ్లాను. కట్ట మీద రెండు ఊళ్లవాళ్లు ఎదురెదురుగా నిలబడి ఉన్నారు. వలలకు అప్పు చేసిన ఒక సభ్యుడు థర్మకోల్ తెప్ప మీద, మూడు కిలోల బొచ్చె చేపను ఒడిలో పెట్టుకుని, పలకకుండా కూర్చున్నాడు. దాని నోరు పూర్తిగా తెరుచుకుని ఉంది, మొప్పల తలుపులు విచ్చుకుని ఉన్నాయి. చచ్చినవన్నీ పెద్ద చేపలే. ఒడ్డున తుంగలో మాత్రం కొర్రమీను నిమిషానికోసారి పైకి వచ్చి గాలి పీల్చి మునుగుతోంది, కప్పలు దూకుతున్నాయి, నీటి పురుగులు తిరుగుతున్నాయి. ఆక్సిజన్ కొలిచే మీటరును నీటిలో ముంచితే లీటరుకు 0.7 మిల్లీగ్రాములు చూపింది. సంఘంతో తగాదా ఉన్న పొరుగూరి వ్యక్తిని అప్పటికే స్టేషన్‌కు పంపించారు. సాయంత్రం దాకా ఆయన అక్కడే ఉన్నాడు. నీటి నమూనాలో పురుగుమందు లేదని నివేదిక వచ్చేసరికి, విషం వార్త విన్న కొనుగోలుదారులు పక్క చెరువులో బతికున్న చేపను కూడా కొనకుండా వెళ్లిపోయి చాలా రోజులైంది. ఈ పుకారు పుట్టించేవారి మీద నాకు ఓపిక లేదు. తెప్ప మీద కూర్చున్న ఆ మనిషి మాత్రం ఎవరినో ఒకరిని అనుమానించకుండా ఎలా ఉండగలడు?

పురుగుమందు ప్రమాదం లేదని నేను అనడం లేదు. చేలలో కొట్టిన మందు వాననీటితో దిగడమూ, దుర్మార్గులు కలపడమూ జరుగుతాయి. కానీ దాని ఆనవాళ్లు వేరు: ముందుగా చిన్న చేపలు, పురుగులు చస్తాయి, ఏ వేళనైనా చస్తాయి, చేప గిరగిరా తిరుగుతూ వణుకుతుంది. ఊపిరాడని చేప తెల్లవారుజామున నీటిపై నోరు తెరిచి గుటకలు వేస్తుంది. గాలి పీల్చగల కొర్రమీను, మార్పు అనే చేప బతుకుతాయి. చేపలు అలా గుటకలు వేయడం కనబడిన నాడే మోటారుతో అదే నీటిని తోడి పైనుంచి చిమ్మించండి, పెద్ద చేపను వెంటనే పట్టి అమ్మేయండి. మృగశిర ధర కోసం ఆపదలచుకుంటే, మార్చి-ఏప్రిల్ నెలల్లోనే కనీసం సగం చేపనైనా తీయండి.

మిగిలిన అపోహలకు క్లుప్తంగా జవాబిస్తాను. బొచ్చె, రోహు, మ్రిగాల నిలవనీటి చెరువులో తమంతట తాము గుడ్లు పెట్టవు. వాటికి పారే వరద కావాలి. 1957లో శాస్త్రవేత్త హీరాలాల్ చౌధురి హార్మోన్ సూదితో గుడ్లు పెట్టించే పద్ధతిని సాధించాకే, చేపపిల్లలను పుట్టించే నేటి హేచరీలు వచ్చాయి. ఎక్కువ పిల్లలు వదిలితే ఎక్కువ చేప వస్తుందన్నదీ తప్పే: లెక్క కన్నా పిల్ల సైజు ముఖ్యం. జలాశయంలో 80-100 మిల్లీమీటర్ల పిల్ల వదలాలి, అంతకన్నా చిన్నది వాలుగ అనే వేటచేపకు ఆహారమవుతుంది. ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్ త్వరగా పెరుగుతుందని దొంగచాటుగా వదలకండి. మన దేశంలో అది నిషిద్ధం, ఉన్న చేపనంతా తినేస్తుంది.

చేపలు తేలితే గొడవకు ముందు నమూనా తీయండి. సూర్యోదయానికి ముందే, శుభ్రమైన గాజు సీసాను నీటిలో ముంచి, గాలి బుడగ మిగలకుండా నింపి మూత బిగించండి. అప్పుడే చనిపోతున్న రెండు మూడు చేపలను ఐసులో పెట్టండి. మధ్యాహ్నం ఉబ్బిపోయిన చేపను సంచిలో తెచ్చి పరీక్షించమంటే ఏ ప్రయోగశాలా కారణం చెప్పలేదు.