కవిత్వమూ భాషాతత్త్వమూ: అపోహలు, వాస్తవాలు

భాషాతత్త్వశాస్త్రం (మాటకు అర్థం ఎలా కలుగుతుందో విచారించే శాస్త్రం) బోధించే నాకు, కవిత్వం దగ్గరికి వచ్చేసరికి ప్రతి తరగతిలోనూ మూడు అపోహలు ఎదురవుతూ ఉంటాయి.

అపోహ: కవితలోని విషయాన్ని వచనంలో పూర్తిగా చెప్పేయవచ్చు, మిగిలేది అలంకారమే.

వాస్తవం: మన ఆలంకారికులు, అంటే కావ్యశాస్త్ర పండితులు, ‘గంగలో గొల్లపల్లె’ అనే ఉదాహరణను తరతరాలుగా చర్చించారు. నీటిలో పల్లె ఉండదు కనుక వాచ్యార్థం (మాటకు నేరుగా ఉన్న అర్థం) పొసగదు, లక్షణ (నేరు అర్థం పొసగనప్పుడు దానికి సంబంధించిన మరో అర్థాన్నిచ్చే శక్తి) వల్ల ‘గంగ ఒడ్డున’ అనే అర్థం స్ఫురిస్తుంది. మరి ‘ఒడ్డున’ అనే అనవచ్చు కదా అంటే, అనవచ్చు. కానీ అప్పుడు గంగ చల్లదనమూ పావనత్వమూ ఆ పల్లెకు అంటవు. ఆ మిగులును తెలిపే శక్తికే వ్యంజన అని పేరు. 9వ శతాబ్దపు కాశ్మీర ఆలంకారికుడు ఆనందవర్ధనుడు, అలా స్ఫురించే ధ్వనినే కావ్యానికి ఆత్మ అన్నాడు. విద్యార్థుల తాత్పర్యాలు దిద్దేటప్పుడు నేను ముందుగా చూసేది ఈ మిగులు ఎక్కడ జారిపోయిందన్నదే.

అపోహ: సూచించడం కవుల సొత్తు, మామూలు మాట సూటిగా ఉంటుంది.

వాస్తవం: ‘పొద్దుగూకింది’ అన్న ఒక్క మాట పశువుల కాపరికి మందను ఇంటికి తోలమని, వర్తకుడికి సరుకు సర్దుకోమని, అనుష్ఠానపరుడికి సంధ్య వార్చే వేళయిందని తెలుపుతుందని ఆలంకారికుడు మమ్మటుడు 11వ శతాబ్దంలోనే చూపాడు. బ్రిటిష్ తత్త్వవేత్త పాల్ గ్రైస్ 1967లో హార్వర్డ్ ఉపన్యాసాలలో వివరించింది కూడా ఇలాంటి సంగతినే: వినేవాడు సందర్భాన్ని బట్టి, మాటలలో లేని ఉద్దేశాన్ని ఊహించి గ్రహిస్తాడు. వ్యంజన అనే వేరే శక్తి అక్కర్లేదు, ఇదంతా అనుమానమే అని మరో ఆలంకారికుడు మహిమభట్టు వాదించాడు. (ఇక్కడ అనుమానం అంటే సందేహం కాదు, హేతువును బట్టి నిర్ణయించడం.) ఆ వాదాన్ని నేను సగమే ఒప్పుకుంటాను, ఎందుకంటే ఒడ్డును హేతువుతో తేల్చవచ్చు గానీ, చల్లదనం ఆ ‘గంగలో’ అన్న మాట చెవిన పడగానే తగులుతుంది.

అపోహ: కవితలోని మాటలు నిజంగా అన్నవి కావు కనుక అది సంభాషణ కిందికి రాదు.

వాస్తవం: దీనికి ఆధారంగా, వాగ్దానం వంటి పనులను మాటలతోనే చేస్తామని వివరించిన ఆంగ్ల తత్త్వవేత్త జె.ఎల్. ఆస్టిన్‌ను చూపుతారు. 1955 నాటి ఉపన్యాసాలలో ఆయన కవితలోని మాటలను తన చర్చ నుంచి పక్కన పెట్టిన మాట నిజమే. అయితే దాని వల్ల తేలేది కవితలో చేసిన వాగ్దానానికి కవి బద్ధుడు కాడన్నంత వరకే. ఆ వాగ్దానం ఏమిటో పాఠకుడికి అర్థం కాకుండా పోదు.