నిప్పుల మీది రొట్టె

ప్రియమైన పిల్లలకు,

ప్రభువు నామమున మీ అందరికీ వందనాలు. గడచిన ఆదివారం సండే స్కూలు ముగిసి చాపలు చుట్టి పక్కన పెడుతున్న వేళ, మీలో ఒకమ్మాయి నా దగ్గరకు వచ్చి, "తాతయ్యగారూ, దావీదు రాజు ఊరియా భార్యను పిలిపించుకుని ఊరియాను చంపించాడు గదా, అలాంటి పని ఇప్పుడెవరైనా చేస్తే జైల్లో పెడతారు గదా, మరి దేవుడు అతణ్ణి 'నా యిష్టానుసారుడైన మనుష్యుడు' అని ఎలా అన్నాడు?" అని అడిగింది. పెద్దల ఆరాధనకు వేళయిందన్న సాకుతో నేను, "అతడు పశ్చాత్తాపపడ్డాడమ్మా" అని ఒక్క ముక్క చెప్పి పంపించేశాను. ఆ జవాబు తప్పు కాదు గాని, అడిగిన ప్రశ్నకు అది సరిపోలేదని ఆ పిల్ల ముఖం చూడగానే తెలిసింది. వారమంతా ఆలోచించి ఈ ఉత్తరం రాస్తున్నాను. కొంచెం పొడవుగానే ఉంటుంది. ఓపిక పట్టి చదవండి.

మన ఊళ్లలో ఒక పెద్దమనిషి కాలం చేస్తే, సంతాపసభలో ఆయన మంచిని మాత్రమే చెప్పుకుంటాం, అది మర్యాద. బైబిలు గ్రంథం ఆ మర్యాద పాటించదు. నోవహు ద్రాక్షారసం తాగి గుడారంలో ఒంటిమీద బట్ట లేకుండా పడివున్న సంగతి, అబ్రాహాము ప్రాణభయంతో తన భార్యను చెల్లెలని ఒకసారి కాదు రెండుసార్లు చెప్పిన సంగతి, మోషే ఐగుప్తీయుణ్ణి చంపి ఇసుకలో పూడ్చిన సంగతి, వీటిలో దేనినీ అది దాచలేదు. నిజం చెప్పాలంటే బైబిల్లోనే ఒక చోట కొంత మొహమాటం కనిపిస్తుంది. దావీదు సైన్యం రబ్బా పట్టణాన్ని ముట్టడించిన సంగతిని దినవృత్తాంతముల మొదటి గ్రంథం 20వ అధ్యాయం కూడా చెబుతుంది గాని, ఆ ముట్టడి జరుగుతున్న రోజుల్లో యెరూషలేములో దావీదు చేసిన పనిని ఒక్క మాటైనా ఎత్తకుండా దాటిపోతుంది. అయినా ఆ పనిని పూసగుచ్చినట్టు చెప్పిన సమూయేలు గ్రంథాన్ని ఎవరూ తీసివేయలేదు.

ఇన్ని తప్పులు రాసిపెట్టినందుకు మనం సంతోషించాలా, సిగ్గుపడాలా అన్నది నాకు చిన్నప్పటినుంచీ ఉన్న సందేహమే. వయసు వచ్చాక నా దృష్టి మరో వైపు మళ్లింది. మనుషులు పడిపోయినప్పుడు దేవుడు ఏం చేశాడో వరుసగా చూస్తే, ఆయన అందరితోనూ ఒకే విధంగా వ్యవహరించలేదు. అలసిపోయి కూలబడినవాడితో ఒక విధంగా, తప్పు చేసి కప్పిపుచ్చినవాడితో మరో విధంగా మాట్లాడాడు. మనం మాత్రం ఈ రెంటినీ 'బలహీనత' అనే ఒకే మూటలో కట్టేస్తాం. ఆ మూట విప్పితే మీ స్నేహితురాలి ప్రశ్నకు దారి దొరుకుతుందని నా నమ్మకం.

ముందు అలసిపోయినవాడి సంగతి చూద్దాం. రాజులు మొదటి గ్రంథం 18వ అధ్యాయంలో ఏలీయా ప్రవక్త కర్మెలు పర్వతం మీద ఒక్కడే నిలబడి, బయలు అనే అన్యదేవత ప్రవక్తలను 450 మందిని ఎదిరించాడు. ఆకాశంనుంచి అగ్ని దిగింది. ఏళ్ల తరబడి రాని వాన వచ్చింది. ఆ వానలోనే అతడు రాజు రథానికి ముందుగా యెజ్రెయేలు వరకు పరుగెత్తాడు. మరుసటి అధ్యాయం తెరిస్తే అదే మనిషి, యెజెబెలు రాణి పంపిన ఒక్క బెదిరింపు కబురుకు ప్రాణాలు అరచేత పట్టుకుని, సుమారు 150 కిలోమీటర్ల దూరాన ఉన్న బెయేర్షెబాకు పారిపోయి, తన సేవకుణ్ణి అక్కడ వదిలి, ఒంటరిగా ఇంకొక దినప్రయాణం ఎడారిలోకి నడిచి, ఒక చెట్టు కింద కూర్చుని, "ఇంతమట్టుకు చాలును, నా ప్రాణము తీసికొనుము" అని ప్రార్థించాడు. మన తెలుగు బైబిలు ఆ చెట్టును బదరీవృక్షం అంటుంది, అంటే మన రేగుచెట్టు. హెబ్రీ మూలంలోని మాట మాత్రం ఆ ఎడారుల్లో పెరిగే, ఆకు పలచని ఒక పొదను చెబుతుంది. దాని నీడ ఎంతో ఉండదు. ఆ నీడ కూడా చాలనుకునేంతగా అతడు అలసిపోయాడు.

దేవుడు ఏం చేశాడో చూడండి. ఆకాశంనుంచి అగ్ని దింపినవాడివి ఒక స్త్రీ మాటకు జడిసిపోయావా అని అడగలేదు. విశ్వాసం తగ్గిందని మందలించలేదు. నిద్రపోనిచ్చాడు. దూత వచ్చి తట్టి లేపి, "నీవు లేచి భోజనము చేయుము" అన్నాడు. ఏలీయా కళ్లు తెరిచేసరికి తల దగ్గర నిప్పుల మీద కాల్చిన అప్పం, నీళ్లబుడ్డి ఉన్నాయి. అతడు తిని, తాగి, మళ్లీ పడుకున్నాడు. దూత రెండోసారి కూడా తట్టి లేపి తినమన్నాడే గాని, ఎంతసేపు పడుకుంటావని విసుక్కోలేదు. ఆ తరువాత నలభై పగళ్లు నలభై రాత్రులు నడిచి హోరేబు కొండకు చేరాకనే, "ఇచ్చట నీవేమి చేయుచున్నావు?" అనే ప్రశ్న వచ్చింది.

ఆ ప్రశ్నకు ఏలీయా, ప్రవక్తలలో నేనొక్కణ్ణే మిగిలానని జవాబిచ్చాడు. అది నిజం కాదు. రాజు ఇంటి అధికారియైన ఓబద్యా నూరుమంది ప్రవక్తలను గుహల్లో దాచి పోషించాడు. ఆ సంగతి అతడే స్వయంగా ఏలీయాకు చెప్పాడు కూడా. డస్సిపోయిన మనసుకు విన్న మంచి గుర్తుండదు. దేవుడు ఆ పొరపాటును దిద్దాడు: బయలుకు మోకాలు వంచనివారు ఏడువేల మంది ఉన్నారన్నాడు, ఎలీషాను తోడుగా చూపించాడు. అయితే ఆ దిద్దుబాటు రొట్టె తరువాత, నిద్ర తరువాత, ఆ పొడవైన నడక తరువాత వచ్చింది.

ఈ వరుస నాకు ఆలస్యంగా అర్థమైంది. నేను బడిపంతులుగా ఉన్న రోజుల్లో ఒక కుర్రవాడు రోజూ మొదటి పీరియడులోనే తూగేవాడు. సోమరితనమని తీర్మానించి, రెండు వారాలపాటు అతణ్ణి బెంచీ ఎక్కించాను. తండ్రి మంచాన పడ్డాడనీ, ఆ పిల్లవాడు రాత్రంతా రొయ్యల చెరువు దగ్గర కాపలా కాసి నేరుగా బడికి వస్తున్నాడనీ మూడో వారంలో ఎవరో చెబితే తెలిసింది. ఏలీయా కథను బోర్డు మీద బొమ్మలు అతికించి సండే స్కూల్లో నేను ఎంతో చక్కగా చెప్పింది కూడా ఆ సంవత్సరమే. అలసినవాణ్ణి చూసి నేరస్థుడనుకోవడం పెద్దలు సులువుగా చేసే తప్పు. పిల్లలైన మీరు అదే తప్పును మీ మీద మీరే చేసుకుంటారు. పరీక్షల ఫలితాలు వచ్చిన రోజునో, ఇంట్లో గొడవ జరిగిన రాత్రో ఏలీయా అన్న మాట మీ నోటికి వస్తే, అది పాపమని లోపల దాచుకోవద్దు. వెంటనే అమ్మకో, టీచరుకో, నాకో చెప్పండి. అర్ధరాత్రయినా సరే, మా తలుపు తట్టండి.

ఇప్పుడు దావీదు దగ్గరకు వద్దాం. సమూయేలు రెండవ గ్రంథం 11వ అధ్యాయం మొదటి వాక్యమే అతణ్ణి పట్టి ఇస్తుంది: రాజులు యుద్ధానికి బయలుదేరే కాలంలో దావీదు తన సేనాపతియైన యోవాబును పంపి, తాను యెరూషలేములో ఉండిపోయాడు. సాయంకాలం పడకమీదినుంచి లేచి మిద్దె మీద పచార్లు చేశాడు. అతడు అలసిపోలేదు, కావలసినంత విశ్రాంతిలో ఉన్నాడు. తన సైనికుడైన ఊరియా భార్య బత్షెబను పిలిపించుకుని, ఆమె గర్భవతి అయ్యిందని తెలిశాక, యుద్ధంనుంచి ఊరియాను రప్పించి ఇంటికి వెళ్లి పడుకోమన్నాడు. తోటివారు గుడారాల్లో ఉంటే నేను ఇంటికి ఎలా వెళ్తానని ఆ సైనికుడు రాజనగరు ద్వారం దగ్గరే పడుకున్నాడు. చివరికి అతణ్ణి పోరు ముమ్మరంగా ఉన్నచోట నిలబెట్టి చనిపోనివ్వమని యోవాబుకు ఉత్తరం రాసి, దావీదు ఆ ఉత్తరాన్ని ఊరియా చేతికే ఇచ్చి పంపాడు. ఇలాంటి పనుల గురించి మనవాళ్లు, "మనిషన్నాక బలహీనతలుండవా" అని తేలిగ్గా అనేస్తారు. ఊరియా ఇంట్లో ఆ మాట చెల్లదు.

దావీదు దగ్గరకు రొట్టె పట్టుకుని దూత ఎవరూ రాలేదు. నాతాను ప్రవక్త ఒక కథ పట్టుకుని వచ్చాడు. చాలా గొఱ్ఱెలున్న ధనవంతుడు, కూతురిలా పెంచుకున్న ఒకే ఒక్క గొఱ్ఱెపిల్ల ఉన్న బీదవాడు. అతిథి వస్తే ధనవంతుడు తన మందను ముట్టుకోకుండా ఆ బీదవాడి గొఱ్ఱెపిల్లను కోయించాడు. దావీదు మండిపడి, అలాంటివాడు మరణానికి తగినవాడు, ఒకటికి నాలుగు తిరిగి ఇవ్వాలని తీర్పు చెప్పాడు. అప్పుడు నాతాను, "ఆ మనుష్యుడవు నీవే" అన్నాడు. ఇక్కడ ఒక సంగతి గమనించండి, ముఖ్యంగా మగపిల్లలు: ఆ కథలో గొఱ్ఱెపిల్ల మీద నింద ఒక్కటి కూడా లేదు. బత్షెబ మీద నేరం మోపుతూ ప్రసంగించినవారిని నేను విన్నాను. నాతాను మాత్రం మోపలేదు.

దావీదు, "నేను పాపముచేసితిని" అని ఒప్పుకున్నాడు. అంతకుముందు సౌలు రాజు కూడా సమూయేలు ప్రవక్త ఎదుట సరిగ్గా ఈ మాటే అన్నాడు. అయితే సౌలు ముందు తప్పును జనం మీద నెట్టిచూశాడు, తరువాత ఒప్పుకున్నాడు, ఒప్పుకున్న నోటితోనే జనుల పెద్దల ఎదుట తనను ఘనపరచమని అడిగాడు. దావీదు మాటకు అలాంటి తోక ఏదీ లేదు. అతడు క్షమాపణ పొందాడు గాని, ఆ పని ఫలం అతణ్ణి వదలలేదు. బిడ్డ చనిపోయాడు, పెరిగిన కొడుకులు ఒకరినొకరు చంపుకునే దాకా వెళ్లారు.

ఇక 'యిష్టానుసారుడు' అనే మాట సంగతి. అది దావీదు చేసిన ప్రతి పనికీ ముందుగా ఇచ్చిన ఆమోదం కాదు. దావీదుకు అభిషేకం జరగకముందే, దేవుడు తన చిత్తానుసారమైన మనసు గల ఒకణ్ణి వెదికాడని సమూయేలు సౌలుతో అన్నాడు. శతాబ్దాల తరువాత పౌలు దాన్ని మళ్లీ గుర్తుచేశాడు. ఈ మధ్యలో, దావీదు బ్రతుకంతా యథార్థంగా నడిచాడని మెచ్చుకునే చోటే, రాజులు మొదటి గ్రంథం 15వ అధ్యాయం 'హిత్తీయుడైన ఊరియా సంగతియందు తప్ప' అని మినహాయింపు రాసిపెట్టింది. దావీదు పరాక్రమశాలురు ముప్పై ఏడుగురి జాబితా సమూయేలు రెండవ గ్రంథం 23వ అధ్యాయంలో ఉంది. అందులో ఆఖరి పేరు ఊరియా. మత్తయి యేసు వంశావళిని రాస్తూ సొలొమోను తల్లి పేరు చెప్పడు, ఊరియా భార్య అంటాడు. క్షమించిన దేవుడు దావీదును వదిలిపెట్టలేదు, ఊరియానూ మరచిపోలేదు. అమ్మా, నీ ప్రశ్నకు నేను ఇవ్వగలిగిన జవాబు ఇదే.

అలసట, తప్పు, ఈ రెండూ ఒకే మనిషిలో ముడిపడితే ఎలా అంటారేమో. యేసు శిష్యుడైన పేతురు విషయంలో జరిగింది అదే. యేసును పట్టుకున్న రాత్రి గెత్సేమనే తోటలో శిష్యులు మెలకువగా ఉండలేకపోయారు. దుఃఖంచేత నిద్రపోయారని లూకా రాశాడు. "ఆత్మ సిద్ధమే గాని శరీరము బలహీనము" అని యేసు అన్నది అప్పుడే. ఆ రాత్రే ప్రధానయాజకుని ముంగిట్లో పేతురు ఆయనను ఎరుగనని ముమ్మారు బొంకాడు. పనిపిల్లకు భయపడ్డాడని మనం నవ్వుకుంటాం గాని, మూడోసారి అడిగినవాడు మల్కు అనే దాసుడి బంధువు. ఆ మల్కు చెవిని పేతురు ఆ రాత్రే నరికాడు. భయానికి కారణం ఉంది. అయినా బొంకు బొంకే.

పేతురు బొంకినది బొగ్గుల నిప్పు దగ్గర చలి కాచుకుంటూ. పునరుత్థానం తరువాత తిబెరియ సముద్రపు ఒడ్డున యేసు సిద్ధం చేసి ఉంచినదీ బొగ్గుల నిప్పే. దాని మీద చేపలు, రొట్టె. గ్రీకు మూలంలో రెండు చోట్లా ఒకే మాట ఉంది, కొత్త నిబంధనలో అది మరెక్కడా రాదు. రాత్రంతా వల వేసి ఏమీ దొరకక డస్సిపోయిన మనుషులను ఆయన ముందు భోజనానికి పిలిచాడు. వారు తిన్న తరువాతనే, "నన్ను ప్రేమించుచున్నావా?" అని పేతురును అడిగాడు, ముమ్మారు అడిగాడు. మూడోసారికి పేతురు మనసు నొచ్చుకుంది. ఆ నొప్పిని ఆయన తప్పించలేదు గాని, తన గొఱ్ఱెలను మేపే పని అతనికే అప్పగించాడు. ఆ తరువాత పేతురు మళ్లీ ఎన్నడూ తడబడలేదని అనుకోకండి. అంతియొకయలో యూదులు కాని అన్యజనులతో కలిసి భోంచేస్తూ, యూదులు కొందరు వచ్చేసరికి భయపడి వెనక్కి తగ్గినందుకు పౌలు అతణ్ణి ముఖాముఖిగా ఎదిరించాడని గలతీయుల పత్రిక చెబుతుంది.

వచ్చే ఆదివారం ప్రశ్న అడిగిన అమ్మాయే సమూయేలు రెండవ గ్రంథం 12వ అధ్యాయం చదువుతుంది. మిగిలినవారు సందేహాలు రాసుకుని రండి. మీలో చాలామంది పొద్దున్నే ఏమీ తినకుండా వచ్చి పాఠం మధ్యలో తూగుతున్నారని మీ మామ్మగారు ఎప్పటినుంచో చెబుతూనే ఉంది, నేనే వినిపించుకోలేదు. ఈసారి పాఠానికి ముందే ఆవిడ ఉప్మా చేసి పెడతానంది. ఏడు గంటలకల్లా పళ్లెం తెచ్చుకుని రండి.

ఇట్లు,
మీ సండే స్కూలు తాతయ్య