ఒక్క ఇల్లీగల్ మూవ్‌కే ఆట పోతుందా? చెస్‌లో అపోహలు - వాస్తవాలు

భీమవరం, పాలకొల్లు, అమలాపురం... ఎక్కడ ర్యాపిడ్ (తక్కువ సమయంలో ముగిసే చెస్) టోర్నమెంట్ జరిగినా మాలాంటి ఆర్బిటర్లకి, అంటే ఆటను పర్యవేక్షించే అంపైర్లకి, తలనొప్పి బోర్డుల దగ్గర తక్కువ, కల్యాణమండపం గుమ్మం దగ్గర ఎక్కువ. "అవతలి కుర్రాడు తప్పు ఎత్తు వేశాడు కదండీ, మావాడికి పాయింట్ ఇవ్వరేంటండీ?" అని తండ్రులు నిలదీస్తారు. వాళ్ల బుర్రలో ఉన్నది పాత రూలు.

అపోహ: ఒక్క తప్పు ఎత్తుతో (ఇల్లీగల్ మూవ్, అంటే నియమాలు ఒప్పుకోని ఎత్తు) ఆట పోయినట్టే.

వాస్తవం: ఒకప్పుడు బ్లిట్జ్‌లో (ర్యాపిడ్ కంటే వేగమైన ఆట) అలాగే ఉండేది. ఇప్పుడు ప్రపంచ చెస్ సమాఖ్య ఫిడే నియమాల ప్రకారం మొదటి తప్పుకి ప్రత్యర్థి క్లాక్‌లో సమయం కలుపుతాం: క్లాసికల్, ర్యాపిడ్‌లో 2 నిమిషాలు, బ్లిట్జ్‌లో 1 నిమిషం. తప్పు చేసినవాడి టైమ్ కోయం. అదే ఆటగాడు రెండోసారి చేస్తే ఓటమి.

అసలు శిక్ష ఆ 2 నిమిషాలు కాదు. ఒక పాప తన రాజుకు ఏనుగు చెక్ ఉన్న సంగతి చూసుకోకుండా మంత్రితో ఓ మూల బంటును కొట్టి క్లాక్ నొక్కింది. ఎత్తు వెనక్కి పెట్టించాం. కానీ ముందు ముట్టుకున్నది మంత్రిని. దానితో సరైన ఎత్తు ఒక్కటి ఉన్నా మంత్రినే కదపాలి. ఉన్నది ఒక్కటే: మంత్రిని చెక్‌కు అడ్డం పెట్టడం. పెట్టింది, మంత్రి పోయింది. ఇంతకు మించి శిక్ష దేనికి? పాత రూలే మేలనేవాళ్లతో నేను ఏకీభవించను.

అపోహ: ప్రత్యర్థి చెక్ చూసుకోకపోతే రాజును కొట్టేసి గెలవచ్చు.

వాస్తవం: అది అరుగు మీద ఆట. నియమాల్లో రాజును కొట్టడమే లేదు. క్లాక్ ఆపి ఆర్బిటర్‌ని పిలవండి. అదీ మీ ఎత్తు వేయకముందే. ఒక్కో ఆటకు ఒక్కో ఆర్బిటర్ దొరకని బ్లిట్జ్‌లో, మీరు ఎత్తు వేసేశాక ఆ తప్పును అడిగే హక్కు పోతుంది. 2017 డిసెంబర్‌లో రియాద్ ప్రపంచ బ్లిట్జ్ ఛాంపియన్‌షిప్‌లో రష్యా గ్రాండ్‌మాస్టర్ ఇనార్కియెవ్ తనకున్న చెక్‌ను వదిలేసి గుర్రంతో ఎదురు చెక్ ఇచ్చాడు. అప్పటి ప్రపంచ ఛాంపియన్ కార్ల్‌సన్ గమనించక రాజును జరిపాడు. వెంటనే ఇనార్కియెవ్ క్లాక్ ఆపి, కార్ల్‌సన్ ఎత్తే చెల్లదన్నాడు! ముందు గెలుపు అతనికే ఇచ్చారు. తర్వాత చీఫ్ ఆర్బిటర్ దాన్ని కొట్టేసి ఆట కొనసాగించమంటే అతను ఒప్పుకోలేదు. పాయింట్ కార్ల్‌సన్‌కి వెళ్లింది.

అపోహ: ఎత్తు సరైనదైతే చేతులతో పనేంటి?

వాస్తవం: క్యాస్లింగ్‌కి (రాజునూ ఏనుగునూ ఒకే ఎత్తులో కదపడం) రెండు చేతులూ వాడి క్లాక్ నొక్కితే అదీ ఇల్లీగల్ మూవ్ కిందికే వస్తుంది. ఎత్తు వేయకుండా క్లాక్ నొక్కినా అంతే. కోచ్‌లు ఈ ఒక్కటి నేర్పితే మా పని సగం తగ్గుతుంది.

బంటు చివరి గడికి చేరాక ఏనుగును తలకిందులుగా పెట్టి "ఇదే మంత్రి" అనడం మన దగ్గర మామూలే. నియమాల లెక్కలో అది ఏనుగే, ఐమూలగా కదిపితే తప్పు ఎత్తవుతుంది. మంత్రి దొరక్కపోతే క్లాక్ ఆపి అడగండి, తెచ్చిస్తాం.

రెండో తప్పుకి ఓటమి అన్న రూలుకీ ఒక మినహాయింపు ఉంది. ప్రత్యర్థి దగ్గర ఒంటరి రాజు మాత్రమే మిగలడం లాంటి స్థితిలో, అతనికి ఎలా ఆడినా మేట్ చేసే వీల్లేకపోతే ఆట డ్రా. గుమ్మం దగ్గర గట్టిగా వాదించేది దీని గురించే.