ఆస్క్ బదులు డిమాండ్ రాయమని మీకెవరు చెప్పారు?

గుంటూరు బ్రాడీపేటలో విదేశాలకి వెళ్లేవాళ్లు రాసే ఇంగ్లిష్ పరీక్ష ఐఈఎల్‌టీఎస్‌కి క్లాసులు చెబుతాను. కొత్త బ్యాచ్ మొదలైన ప్రతిసారీ ఎవరో ఒకరు వాట్సాప్‌లో తిరిగే సినానిమ్స్ (దగ్గరి అర్థాలున్న మాటలు) పీడీఎఫ్ చూపిస్తారు. ఆస్క్ ఎదురుగా రిక్వెస్ట్, ఇంక్వైర్, డిమాండ్, బెగ్, ఇంటరాగేట్, అన్నీ ఒకే వరసలో!

అపోహ: సినానిమ్స్‌లో ఏది వాడినా ఒకటే.

వాస్తవం: కానే కాదు. అద్దె తగ్గించమని ఇంటి ఓనర్ని అడగొచ్చు, బతిమాలొచ్చు, నిలదీయొచ్చు. మూడూ అడగడమే, కానీ మూడోది చేశాక ఇల్లు వెతుక్కోవాల్సి రావచ్చు. డిమాండ్ అంటే ఇచ్చి తీరాల్సిందేనని గట్టిగా అడగడం. బెగ్ అంటే కాళ్లావేళ్లా పడటం. ఇంక్వైర్ అంటే వివరాలు కనుక్కోవడం. ఇంటరాగేట్ పోలీసులు చేసే పని. ఫ్రెంచ్‌లో డిమాండే అంటే మామూలుగా అడగడమే, ఇంగ్లిష్‌లోకి వచ్చాక ఆ మాటకి ఇంత కరుకుదనం అంటుకుంది.

తెనాలి నుంచి వచ్చే అబ్బాయి ఒకడికి ఉద్యోగం వచ్చింది, అదే వారంలో వాళ్లమ్మకి ఆపరేషన్, జాయినింగ్ ఒక్క వారం వాయిదా వేయమని హెచ్‌ఆర్‌కి మెయిల్ పెట్టాడు. ఆస్క్ మరీ చిన్న మాట అనుకుని 'ఐ డిమాండ్ యూ' అని రాశాడు. వాళ్ల జవాబు ముక్తసరిగా, కోపంగా వచ్చింది. ఫోన్ పట్టుకుని వచ్చి నా ముందు కూర్చున్నప్పుడు వాడి చేతులు వణుకుతున్నాయి. ఏం తప్పు రాశాడో కూడా వాడికి తెలియదు! క్షమాపణతో మొదలుపెట్టి 'ఐ వుడ్ లైక్ టు రిక్వెస్ట్' అని మళ్లీ రాయించాను. వారం ఇచ్చారు. ఇలాంటి పిల్లల్ని నేను ఒక్క మాట అనను, నా కోపమంతా అర్థం చెప్పకుండా లిస్టులు పంచేవాళ్ల మీదే.

అపోహ: పెద్ద మాటలకి బ్యాండ్, అంటే ఐఈఎల్‌టీఎస్ స్కోరు, పెరుగుతుంది.

వాస్తవం: రైటింగ్‌లో చూసే 4 అంశాల్లో పదజాలం ఒకటి, అందులోనూ ఆ మాట అక్కడ నప్పిందా అన్నది చూస్తారు. జనరల్ ట్రైనింగ్ అనే రకం పరీక్షలో రాసే లెటర్‌లో టోన్ కూడా లెక్కే. కాబట్టి టెన్షన్ పడకండి, సరైన చోట ఆస్క్ అని రాస్తే మార్కు పోదు.

ఇంకొకటి, త్వరగా చెప్పేస్తాను. 'ఐ రిక్వెస్టెడ్ ఫర్ లీవ్' తప్పు. రిక్వెస్ట్ వెర్బ్ అయితే ఫర్ రాదు, 'ఎ రిక్వెస్ట్ ఫర్ లీవ్' అని నౌన్‌గా వాడితే వస్తుంది. ఆస్క్ అయితే మాత్రం 'ఆస్క్ ఫర్ లీవ్' అనాలి.