పదిమంది బాధ, ఒక్కరి సంతకం: టీచర్ మీద ఫిర్యాదు, పరువు నష్టం చట్టం

ఒక టీచర్ వల్ల క్లాసులో చాలామంది ఇబ్బంది పడుతుంటారు. అందరి ముందూ అవమానించడం, మార్కులు కోస్తానని బెదిరించడం, ట్యూషన్‌కు రానివాళ్లను సాధించడం, కొన్నిచోట్ల ఇంతకంటే ఘోరమైనవి. ఏడాదంతా ఎవరూ నోరు విప్పరు. చివరికి ఎవరో ఒకరు ముందుకొస్తారు. ఒక తల్లి కావచ్చు, క్లాస్ లీడర్ కావచ్చు, చదువు ముగించి వెళ్లిపోయిన పాత విద్యార్థి కావచ్చు. తమకు జరగకపోయినా, జరిగినవాళ్ల తరఫున ఉత్తరం రాస్తారు. కొన్నాళ్లకు లాయర్ నోటీసు వస్తుంది. బాధపడిన పదిమందికి కాదు, సంతకం పెట్టిన ఒక్కరికే. అప్పుడు చుట్టూ ఉన్నవాళ్లు అనే మాట ఒకటే: మధ్యలో నీకెందుకు?

ఈ నోటీసు వెనుక నాలుగు వందల ఏళ్ల చరిత్ర ఉంది. అది తెలిస్తే భయం ఎక్కడ న్యాయమైనదో, ఎక్కడ అనవసరమో కొంత తేటపడుతుంది. మన పరువు నష్టం చట్టానికి మూలాలు ఇంగ్లండులో ఉన్నాయి కాబట్టి అక్కడి నుంచే మొదలుపెట్టాలి.

"నేను సొంతంగా అన్నది కాదు, వాళ్లు చెప్పిందే చెప్పాను" అనే సమాధానం ఒకప్పుడు కోర్టులో నిలబడేది. 1612 నాటి ఎర్ల్ ఆఫ్ నార్తాంప్టన్ కేసును ఆధారం చేసుకుని, విన్నమాట చెప్పేటప్పుడే అది ఎవరు చెప్పారో పేరుతో సహా చెబితే బాధ్యత తప్పుతుందని న్యాయవాదులు వాదించేవారు. పరువు పోయినవాడు అసలు మనిషి మీద దావా వేసుకోవచ్చు కదా అన్నది అందులోని తర్కం. రెండు వందల ఏళ్ల తర్వాత, 1829లో, డి క్రెస్పినీ, మెక్‌ఫర్సన్ కేసుల్లో కోర్టులు ఈ వాదాన్ని తోసిపుచ్చాయి. మొదట అన్నవాడి మాటకు ఊరిలో విలువే ఉండకపోవచ్చు, అదే మాట పేరున్న మనిషి నోట వస్తే జనం నమ్ముతారు, నష్టం అక్కడే జరుగుతుంది అన్న ఆలోచన బలపడింది. అప్పటి నుంచి నియమం మారలేదు. మోసుకొచ్చిన మాట కూడా మోసినవాడి మాటే.

ఇతరుల తరఫున ఫిర్యాదు చేసేవాళ్లకు అసలు చిక్కు ఇక్కడే ఉంది. పిల్లలు జంకుతారు, వాళ్ల మాటను పెద్దవాళ్లు లెక్కచేయరు, అందుకే పేరున్న ఒక మనిషి ముందుకు వస్తారు. వాళ్ల మాటకు బరువు ఉండటం వల్లే ఫిర్యాదు కదులుతుంది. ఆ బరువే చట్టం దృష్టిలో వాళ్ల బాధ్యతను పెంచుతుంది.

అయితే ఆ వెంటనే ఇంకో తలుపు తెరుచుకుంది. 1834 నాటి టూగుడ్ వర్సెస్ స్పైరింగ్ కేసు చిన్న గొడవే. స్పైరింగ్ ఒక కౌలు రైతు. అతని ఇంట్లో పనికి భూస్వామి ఏజెంటు టూగుడ్ అనే వడ్రంగిని పంపాడు. పని సరిగా జరగలేదు. పైగా, సైడర్ (ఆపిల్ పళ్ల మద్యం) దాచిన గది తలుపు పగలగొట్టి టూగుడ్ తాగాడని రైతు నమ్మాడు. ఆ మాట మూడు సందర్భాల్లో అన్నాడు: మరో పనివాడు పక్కన ఉండగా వడ్రంగి ముఖం మీదే; తర్వాత వడ్రంగి లేనప్పుడు ఆ పనివాడితో; ఆ తర్వాత వడ్రంగిని పంపిన ఏజెంటుతో. ఏజెంటుకు చేసిన ఫిర్యాదుకు రక్షణ ఉందని కోర్టు అంది, ఎందుకంటే ఆయనకు తెలియాలి, ఆయనే ఏదైనా చేయగలడు. పక్కనున్న పనివాడితో విడిగా అన్నదానికి రక్షణ లేదంది, ఎందుకంటే ఆ మాట అతనికి చెప్పాల్సిన పనేమీ లేదు. ముఖం మీద అన్న మాటలో దురుద్దేశం ఉందో లేదో జ్యూరీ తేల్చాలంది. మాట ఒకటే అయినా, విన్నవాళ్లను బట్టి ఫలితం మారింది. ఫిర్యాదు చేసేవారికి చెప్పవలసిన బాధ్యత గానీ ప్రయోజనం గానీ, వినేవారికి వినవలసిన అవసరం ఉంటే, ఆ మాట పొరపాటని తర్వాత తేలినా చెడుబుద్ధి లేనంతవరకు దావా నిలవదు. టీచర్ల మీద ఫిర్యాదులకు సంబంధించి నాకు తెలిసినంతలో ఇంతకంటే పనికొచ్చే తీర్పు మరొకటి లేదు.

మన దగ్గరకు ఈ ఆలోచన భారత శిక్షాస్మృతి (ఐపీసీ) రూపంలో వచ్చింది. మెకాలే నాయకత్వంలోని కమిషన్ 1837లో ముసాయిదా ఇచ్చింది. చట్టం 1860లో అయింది, 1862 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. అందులోని 499వ సెక్షన్ నోటిమాటకూ రాతకూ తేడా లేకుండా పరువు నష్టాన్ని నేరం చేసింది. దానికి పది మినహాయింపులు పెట్టింది. వాటిలో రెండు ఇక్కడ ముఖ్యం. ఎనిమిదోది, ఎవరి మీద ఫిర్యాదో ఆ మనిషి మీద చట్టబద్ధమైన అధికారం ఉన్నవాళ్ల దగ్గరకు సద్భావంతో వెళ్లి ఫిర్యాదు చేయడం. యజమానికి నౌకరు మీద, తండ్రికి బిడ్డ మీద ఫిర్యాదు చేయడాన్ని చట్టమే ఉదాహరణలుగా ఇచ్చింది. తొమ్మిదోది, తన ప్రయోజనం కాపాడుకోవడానికి గానీ, ఇంకెవరి ప్రయోజనం కాపాడటానికి గానీ, ప్రజల మేలు కోసం గానీ సద్భావంతో చేసిన ఆరోపణ. "ఇంకెవరి" అని అక్కడ ఉండబట్టే పక్కింటి పిల్లాడి కోసం ఉత్తరం రాసినవాళ్లకు నిలబడే చోటు దొరికింది.

ఆ చట్టంలో బడిపంతులు ప్రస్తావన కూడా ఉంది, ఏడో మినహాయింపులో. తోటి పిల్లల ముందు విద్యార్థిని సద్భావంతో మందలించిన ఉపాధ్యాయుడిది పరువు నష్టం కాదని ప్రత్యేకంగా రాశారు. తల్లిదండ్రుల నుంచి సంక్రమించిన అధికారంతో మందలిస్తాడు కాబట్టి అని కారణం చెప్పారు. ఆ పంతులు మీదే ఎవరైనా ఫిర్యాదు చేస్తే పరిస్థితి ఏమిటన్నది ఉదాహరణల్లో లేదు. మందలించేవాడిగానే తప్ప, జవాబు చెప్పుకోవాల్సినవాడిగా టీచర్ ఆనాటి చట్టానికి కనిపించలేదు. ఆ చూపు మన బడుల్లో ఇంకా పోలేదన్నది నా అభిప్రాయం.

ఎవరికి ఫిర్యాదు చేయాలన్న ప్రశ్నను 1894లో ఇంగ్లండు అప్పీలు కోర్టు మరింత బిగించింది. హెబ్‌డిచ్ వర్సెస్ మెక్‌ఇల్వెయిన్ కేసులో కొందరు పన్ను చెల్లింపుదారులు ఒక ఎన్నికలో అక్రమం జరిగిందంటూ స్థానిక బోర్డుకు ఉత్తరం రాశారు. దాన్ని విచారించే అధికారం ఆ బోర్డుకు లేదు. ఉందని వాళ్లు నిజాయితీగానే నమ్మారు, అయినా రక్షణ దక్కలేదు. తెలియక తప్పు తలుపు తట్టినవాళ్ల విషయంలో ఇది కఠినమైన నియమమే. మన ఎనిమిదో మినహాయింపులోనూ ఆ విషయంపై అధికారం ఉన్నవారికే అన్న షరతు ఉంది. అందుకే ప్రిన్సిపాల్‌కు, మేనేజ్‌మెంట్‌కు, విద్యాశాఖ అధికారికి రాసిన ఉత్తరం ఒకటి, అదే ఉత్తరాన్ని ఫొటో తీసి పేరెంట్స్ వాట్సాప్ గ్రూపులో పెట్టడం ఇంకొకటి. టూగుడ్ కేసులో పక్కనున్న పనివాడు ఒక్కడే. గ్రూపులో రెండు వందల మంది ఉంటారు, వాళ్లలో ఆ టీచర్ దగ్గర చదవని పిల్లల తల్లిదండ్రులూ ఉంటారు.

టీచర్ వృత్తి విషయంలో కూడా చట్టం ఒకచోట తడబడింది. ఇంగ్లండులో నోటిమాటతో పరువు తీస్తే సాధారణంగా డబ్బు నష్టం జరిగిందని చూపాలి, వృత్తికి సంబంధించిన నింద అయితే ఆ అవసరం లేదు. 1916లో జోన్స్ వర్సెస్ జోన్స్ అనే కేసు అప్పట్లో అక్కడి అత్యున్నత న్యాయస్థానమైన ప్రభువుల సభ (హౌస్ ఆఫ్ లార్డ్స్) వరకూ వెళ్లింది. ఒక హెడ్మాస్టర్‌కు వివాహేతర సంబంధం అంటగట్టారు. ఆ నింద ఆయన బోధనకు సంబంధించినది కాదు కాబట్టి నష్టం నిరూపించనిదే దావా చెల్లదన్నారు. శీలం మీద పుకారు వస్తే ఏ టీచర్ ఉద్యోగమైనా నిలుస్తుందా? ఈ వింతను సరిచేయడానికి 1952 దాకా పట్టింది. ఆ ఏడాది వచ్చిన పరువు నష్టం చట్టం, వృత్తిలో మనిషిని దెబ్బతీసే మాట అయితే చాలు, నష్టం విడిగా చూపనక్కర్లేదంది. ఫిర్యాదుదారుల పక్షాన రాస్తున్నప్పటికీ ఈ మార్పు న్యాయమైనదే అంటాను. అబద్ధపు ఆరోపణతో బతుకు తెల్లారిపోయే వృత్తుల్లో టీచర్ వృత్తి ముందుంటుంది.

ఇక సద్భావం. చాలామంది దీన్ని "నాకు చెడు ఉద్దేశం లేదు" అన్నంత తేలిగ్గా తీసుకుంటారు. ఇంగ్లండు సివిల్ కేసుల్లో దాదాపు అంతే. తాను అన్నది నిజమని మనస్ఫూర్తిగా నమ్మి, ఆ సందర్భాన్ని కక్ష తీర్చుకోవడానికి వాడుకోకపోతే, తొందరపడి నమ్మినా రక్షణ పోదని 1974లో హారాక్స్ వర్సెస్ లో కేసులో తేల్చారు. మన శిక్షాస్మృతి మాత్రం తగిన జాగ్రత్త, శ్రద్ధ లేకుండా చేసింది సద్భావం కాదని 52వ సెక్షన్‌లోనే చెప్పింది. అంటే నమ్మడం చాలదు, నమ్మే ముందు ఏం విచారించారో చూపాలి. 1965లో హర్భజన్ సింగ్ వర్సెస్ పంజాబ్ రాష్ట్రం కేసులో సుప్రీంకోర్టు దీన్ని మనిషి మోయగలిగే బరువుకు తెచ్చింది. తొమ్మిదో మినహాయింపు కోరేవాళ్లు ఆరోపణ నిజమని నిరూపించనక్కర్లేదు, జాగ్రత్తగా విచారించి నమ్మామని చూపితే చాలు. ఆ చూపడం కూడా సివిల్ కేసులో లాగా, జరిగి ఉండే అవకాశమే ఎక్కువ అనిపించేంత వరకే.

ఇది కాగితం మీద ఎలా ఉంటుందో చూద్దాం. "ఫలానా సార్ పిల్లల దగ్గర డబ్బులు వసూలు చేసి మార్కులు వేస్తున్నారు" అని రాస్తే, అది రాసినవారి సొంత వాంగ్మూలం అయిపోతుంది. "గత నెలలో నలుగురు విద్యార్థులు విడివిడిగా నాతో ఈ మాట చెప్పారు. ఇద్దరు తమ ఫోన్లలో మెసేజ్‌లు చూపించారు. నేను స్వయంగా చూసింది ఇంతే. దయచేసి విచారణ జరిపించండి" అని రాస్తే, 1829 నియమం ప్రకారం అప్పుడు కూడా బాధ్యత పూర్తిగా తప్పదు. కానీ ఏది చూశారో, ఏది విన్నారో వేరు చేసి చెప్పిన ఆ నాలుగు వాక్యాలే సద్భావానికి సాక్ష్యం. ఆకాశరామన్న ఉత్తరంలో ఇవేవీ ఉండవు. రాసింది ఎవరో ఎప్పుడైనా బయటపడితే చేతిలో ఏ రక్షణా మిగలదు.

పిల్లల మీద లైంగిక నేరాల విషయంలో చట్టం మొత్తం దిశే మారింది. 2012 పోక్సో చట్టంలోని 19వ సెక్షన్, నేరం జరిగిందని తెలిసిన ఎవరైనా పోలీసులకు చెప్పి తీరాలంది. చెప్పకపోతే శిక్ష. సద్భావంతో చెప్పినవారి మీద సివిల్, క్రిమినల్ బాధ్యత ఉండదని అదే సెక్షన్‌లో రాసింది. పరువు తీయాలని, బెదిరించాలని కావాలనే తప్పుడు ఫిర్యాదు చేస్తే 22వ సెక్షన్ కింద శిక్ష ఉంది, పిల్లలకు మాత్రం లేదు. ఇక్కడ "మధ్యలో నీకెందుకు" అనడానికి వీలే లేదు. కాలేజీల్లో లైంగిక వేధింపులపై యూజీసీ 2015 నిబంధనలు, బాధితులు శారీరకంగా, మానసికంగా ఫిర్యాదు చేయలేని స్థితిలో ఉంటే స్నేహితులు, తోటి విద్యార్థులు చేయవచ్చని ఒప్పుకున్నాయి. పని ప్రదేశాల్లో వేధింపులపై 2013 చట్టం ఇంకో మంచి మాట చెప్పింది: ఆరోపణను రుజువు చేయలేకపోయినంత మాత్రాన అది దురుద్దేశపు ఫిర్యాదు కాదు.

ఇన్ని ఉన్నా తలుపులు తెరుచుకోకపోతే ఏమవుతుందో 2017 అక్టోబరులో చూశాం. అమెరికాలో చదువుతున్న ఒక న్యాయశాస్త్ర విద్యార్థి, వేధించారని విద్యార్థినులు చెప్పిన భారతీయ అధ్యాపకుల పేర్లతో ఫేస్‌బుక్‌లో ఒక జాబితా పెట్టారు. చాలా పేర్ల పక్కన ఏం జరిగిందో లేదు, చెప్పింది ఎవరో లేదు. కొందరు స్త్రీవాదులే దాన్ని వెనక్కి తీసుకోమని, విచారణ పద్ధతి ప్రకారం జరగాలని కోరారు. ఆ పద్ధతి తమను ఎన్నాళ్లుగానో వమ్ము చేసిందన్నది అవతలివాళ్ల జవాబు. నాకు రెండు వాదనల్లోనూ నిజం కనిపిస్తుంది. కానీ ఆధారం చెప్పని జాబితా చేసినవారికి గానీ, అందులో పేరున్న నిర్దోషికి గానీ మేలు చేయదు. కాలేజీల కమిటీలు పనిచేసి ఉంటే ఆ జాబితా అవసరమే రాకపోయేది.

ఇతర దేశాలు వేర్వేరు దారులు పట్టాయి. విద్యార్థులు టీచర్లకు మార్కులు వేసే వెబ్‌సైటులో పేర్లు తీసేయమని 2008లో పారిస్ కోర్టు ఆదేశిస్తే, అలాంటిదాన్నే జర్మనీ అత్యున్నత కోర్టు 2009లో అభిప్రాయ స్వేచ్ఛ కింద ఉండనిచ్చింది. బ్రిటన్ 2011 విద్యా చట్టంతో, విద్యార్థి పట్ల నేరం చేశారన్న ఆరోపణ ఉన్న టీచర్ పేరు కేసు నమోదై అభియోగం మోపేదాకా బయటపెట్టకూడదంది. అది పత్రికలతో పాటు తల్లిదండ్రుల పోస్టులకూ వర్తిస్తుంది. అదే బ్రిటన్‌లో పరువు నష్టం 2010 నుంచి నేరమే కాదు.

మన దగ్గర ఇంకా నేరమే. 2016 మే నెలలో సుబ్రమణ్యస్వామి కేసులో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. 2024 జూలై 1 నుంచి 499 స్థానంలో భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షన్ వచ్చింది. మినహాయింపులు అలాగే ఉన్నాయి. రెండేళ్ల వరకు జైలు లేదా జరిమానా లేదా రెండూ అన్న పాత శిక్షకు సమాజ సేవ అన్న ప్రత్యామ్నాయం చేరింది.

మార్కుల్లో పక్షపాతం, అవమానాలు, పాఠం చెప్పకపోవడం లాంటి రోజువారీ ఫిర్యాదులకు పోక్సోలో ఉన్నటువంటి రక్షణ కవచం ఏదీ లేదు. వాటిని మోసుకొచ్చేవారికి ఇప్పటికీ ఆ ఎనిమిది, తొమ్మిది మినహాయింపులే దిక్కు. మినహాయింపు తనకు వర్తిస్తుందని చూపాల్సిన భారం ముద్దాయిదే కాబట్టి, అది మామూలుగా విచారణలో తేలే విషయం. అప్పటిదాకా సమన్లు, వాయిదాలు, లాయర్ ఫీజులు తప్పవు. చివరికి నిర్దోషిగా బయటపడే మనిషి కూడా ఇవన్నీ భరించాల్సిందే. బడులు, కాలేజీలు ఫిర్యాదు తీసుకున్న రోజే తేదీ వేసి రసీదు ఇచ్చి, విచారణ మొదలుపెడితే వీటిలో చాలా కేసులు కోర్టు గడప తొక్కవు. ఆ రసీదు ఇవ్వాలని అడిగే హక్కు ఫిర్యాదుదారుకు ఉండాలని చట్టంలో రాయించుకోవడం ఇంకా మిగిలే ఉంది.