డైటీషియన్ దగ్గరికెళ్తే అన్నం మాన్పించేస్తారా?

అపోహ: ముందు అన్నం మానేయమంటారు.

"మేడం, రెండేళ్లుగా రాత్రిపూట చపాతీలే. అయినా షుగర్ దిగట్లేదు." డైటీషియన్‌గా నేను ఈ మాట వినని వారం ఉండదు. ఎన్ని తింటారని అడిగితే నాలుగు, కూర బాగుంటే ఐదు! చపాతీకి 30 గ్రాముల పిండి అనుకున్నా నాలుగింటికి 120 గ్రాములు. అన్నే గ్రాముల బియ్యం వండుకున్నా కేలరీల్లో పెద్ద తేడా రాదు. గోధుమపిండిలో పీచు ఎక్కువ, అది నిజమే. కానీ పక్కన ఆలూ కూర పెట్టుకుంటే ఆ లాభమూ పోతుంది. నేను చాలామందికి అన్నం ఉంచేస్తాను. గిన్నెతో కొలిచి పెట్టుకోమంటాను, పప్పు, గుడ్డు, కూరగాయలు పెంచుతాను.

అపోహ: మా ఇంట్లో నూనె తక్కువే.

అందరూ అదే అంటారు. అందుకే నేను వేరేలా అడుగుతాను: "5 లీటర్ల క్యాన్ ఎన్నాళ్లొస్తుంది?" నలుగురున్న ఇంట్లో నెలకే అయిపోతే మనిషికి రోజుకు 40 మిల్లీలీటర్ల పైనే. అంటే ఒక్క నూనె నుంచే దాదాపు 340 కేలరీలు. ఆవకాయలో తేలే నూనె, బయట తిన్న పునుగులు ఈ లెక్కలో లేవు.

అపోహ: ఒంటికి మంచిదైతే ఎవరైనా తినొచ్చు.

ఇది నిజంగా ప్రమాదం. కొబ్బరినీళ్లలో పొటాషియం ఎక్కువ. కిడ్నీలు దెబ్బతిని, రక్తంలో పొటాషియం పెరిగినవాళ్లకు దాంతో గుండె లయ తప్పొచ్చు. బీపీకి మంచిదని కొనే లో సోడియం ఉప్పులోనూ సోడియం బదులు కలిపేది చాలావరకు పొటాషియమే. పక్కింటావిడ చార్ట్ మీకు పనికిరాదనేది ఇందుకే. "వాట్సాప్‌లో చార్ట్ పెట్టండి చాలు" అనేవాళ్లకు కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ రిపోర్ట్ చూడకుండా నేనేం పెట్టను?

అపోహ: లావు తగ్గాలనుకునేవాళ్లకే డైటీషియన్.

రక్తం తక్కువున్నవాళ్లూ రావాలి. భోజనం కాగానే టీ తాగితే తిండిలోని ఐరన్ సరిగ్గా ఒంటపట్టదు. గంటైనా ఆగాలి.

అపోహ: పౌడర్ డబ్బా అమ్మేవాళ్లూ న్యూట్రిషనిస్టులే.

డిగ్రీ ఏం చదివారో అడగండి, మొహమాటపడకండి. నెలలో 10 కేజీలు గ్యారంటీ అంటే లేచి వచ్చేయండి.

వచ్చేటప్పుడు పాత రిపోర్టులు, వేసుకునే మాత్రల చీటీ తెచ్చుకోండి. మూడు రోజులు తిన్నవన్నీ రాసుకురండి, ఆఫీసులో తిన్న బిస్కెట్లతో సహా. ఇంట్లో వంట చేసేవాళ్లనూ వెంట తీసుకొస్తే నాకు సగం పని తగ్గుతుంది.